కొనని ట్రాక్టరుకు స్తోత్రం

శనివారం ఉదయం పది గంటల యాభై నిమిషాలకు, శంకర్‌పల్లి దాటాక ఉన్న ఒక చెలకలో, సాల్మన్ కొనని ట్రాక్టరుకు ప్రతిష్ఠ ప్రార్థన జరిగింది. చందానగర్ సంఘం నుంచి నలభై రెండు మంది హాజరయ్యారు. ట్రాక్టరు తనది కాదని చెప్పడానికి సాల్మన్ మూడుసార్లు నోరు తెరిచాడు. మూడుసార్లూ జనం ఆమేన్ అన్నారు.

ఆ రోజుకు అతను వేసుకున్న పథకం వేరు. తొమ్మిదింటికి ఒక కంపెనీ డెమో ట్రాక్టరు వస్తుంది. పదకొండున్నరకు ఇంకో కంపెనీది వస్తుంది. రెండూ చెరి రెండు వరసల్లో గడ్డి దున్ని చూపిస్తాయి. సాల్మన్ చూస్తాడు. ఏదో ఒకటి తేల్చుకుని, మదీనాగూడలో ఇంటికి పోయి పడుకుంటాడు. వారమంతా అతను ఎదురుచూసింది ఈ ఆఖరి భాగం కోసమే.

సాల్మన్ హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ మేనేజరు. చదువైనప్పటి నుంచి ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే అతని పని. నాలుగేళ్ల కిందట ముప్పై గుంటల, అంటే ముప్పావెకరం, చెలక కొని అందులో జామ మొక్కలు పెట్టాడు. మొదటి కాయ కోసుకుని గట్టు మీద కూర్చుని తిన్నాడు. తిన్నంతసేపూ దానిలో తప్పు వెతకలేదని తర్వాత గుర్తొచ్చింది. చేనును అతను వదలలేకపోవడానికి ఇంతకంటే కారణం లేదు.

సమస్య గడ్డి. వానలు మొదలైతే పది రోజుల్లో మోకాలెత్తు వస్తుంది. నెల తిరిగేసరికి నడుమెత్తు. ఊళ్లో మొగిలి అనే రైతుకు కిరాయి ట్రాక్టరు ఉంది. ఫోన్ చేస్తే "తొవ్వల ఉన్న సారూ" అంటాడు. వారం తర్వాత చేసినా తొవ్వలోనే ఉంటాడు. కిందటేడు మాత్రం వచ్చాడు. అతని ట్రాక్టరు పెద్దది, జామ వరసల మధ్య పట్టదు. మొగిలి పట్టించాడు. పదకొండు మొక్కలు చక్రాల కింద పోయాయి.

ఆ పదకొండు మొక్కలకూ నీళ్లు పోసింది సాల్మన్ భార్య రాహేలు. ఆమె ఒక ప్రైవేటు ఆస్పత్రిలో హెడ్ నర్సు. నైట్ డ్యూటీ దిగి, బస్సెక్కి వచ్చి మరీ పోసింది. అప్పటినుంచి ఆమె మాట ఒకటే.

"నడుము నొప్పి మీకు, ముండ్లు నాకు, పండ్లు కోతులకు. అమ్మేద్దాం."

కొనే మనిషిని ఆమె తమ్ముడు కిరణ్ పాల్ చూసిపెట్టాడు. చిన్న ట్రాక్టరు తీసుకుంటే మొక్కలు ఆగుతాయని సాల్మన్ బతిమిలాడాడు. చివరికి ఒప్పందం కుదిరింది. శనివారం డెమో. మొక్కకు తగలకుండా గడ్డి పోతే చేను ఉంటుంది. లేకపోతే సోమవారం కిరణ్ పాల్ తెచ్చే మనిషికి చేను చూపిస్తారు.

"ముందు చూడాలె, తర్వాతనే కొనాలె" అంది రాహేలు. "నాకు చెప్పకుండ కొంటే ఆ బండి మీద మీరొక్కరే తిరుగుండ్రి."

ఈ ఒప్పందానికి ముందు మూడు నెలలు సాల్మన్ ట్రాక్టర్లు చూశాడు. సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడి, ఫ్లైఓవరు కింద గంటసేపు నిలబడి, షోరూం మూసేలోపు చేరేవాడు. ఏ షోరూంలోనైనా మొదటి ప్రశ్న ఒకటే.

"ఎన్ని ఎకరాలు సార్?"

"ముప్పై..."

"ముప్పై ఎకరాలా! కూర్చోండి సార్. ఏయ్, సార్‌కు టీ చెప్పు."

"గుంటలు."

టీ రాలేదు.

టీ రాకపోయినా ఫోన్లు వచ్చాయి. పద్దెనిమిది హెచ్‌పీ చాలన్నవాళ్లు కొందరు, ఇరవై నాలుగు లేకపోతే మట్టిని తిరగేసే రొటావేటరును లాగదన్నవాళ్లు కొందరు. నాలుగు చక్రాలూ లాగే బండి కావాలన్నారు, ముప్పై గుంటలకు రెండు చక్రాలు లాగితే చాలన్నారు. సాల్మన్ అలవాటు కొద్దీ నలభై ఒక్క పరీక్షలు రాసుకున్నాడు. మూడో నెలకు ఆరు కంపెనీల ట్రాక్టర్లు ఎంత జాగాలో మలుపు తిరుగుతాయో నోటికి చెప్పగలిగాడు. పెళ్లిరోజు మరిచిపోయాడు. రాహేలు ఆ సంగతి కూడా లెక్కలో వేసుకుంది.

సలహాకు కింది ఫ్లాటులో భీమేశ్వరరావు ఉన్నాడు. కాకినాడ మనిషి. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యాడు. సొంత ట్రాక్టరు ఎన్నడూ లేదు.

"పద్దెనిమిది తీసుకోకండి సాల్మన్ గారూ. ఇరవై ఏడుకు వెళ్లిపోండి."

"ముప్పై గుంటలకా సార్?"

"రేపొద్దున పక్క ముప్పై గుంటలూ కొంటారనుకోండి?"

"ఉన్నదే అమ్ముతనంటుంది ఆమె."

"అమ్మితే మరీ మంచిదండి. ట్రాక్టరుకు రీసేల్ బాగుంటుంది."

సాల్మన్ ఆ రోజు మెట్లెక్కి పైకి వచ్చాడు. లిఫ్టులో అయితే భీమేశ్వరరావు కూడా ఎక్కుతాడు.

గురువారం రాహేలు తమ సంఘం పాస్టరు జాన్సన్ గారికి ఫోన్ చేసి ఒక ప్రార్థనాంశం చెప్పింది. ట్రాక్టరు విషయంలో దేవుడు దారి చూపాలి. అంతే చెప్పింది. శుక్రవారం చందానగర్‌లో ఉపవాస ప్రార్థన జరిగింది. దానికి రాహేలు వెళ్లలేదు, డ్యూటీ ఉంది. సాల్మన్ వెళ్లలేదు, ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజు ఉంది.

ఆ సంఘంలో ఒక అలవాటుంది. అడిగినదాన్ని అందినట్టే నమ్మి, ముందుగానే స్తోత్రం చెల్లిస్తారు. ఇంటర్వ్యూకు వెళ్లకముందే ఉద్యోగం ఇచ్చినందుకు, స్కానింగు తీయకముందే రిపోర్టు బాగా వచ్చినందుకు. జాన్సన్ గారు పద్ధతి ప్రకారమే ప్రార్థించాడు. "సాల్మన్ బ్రదర్ కుటుంబానికి మంచి ట్రాక్టరు అనుగ్రహించిన దేవా, నీకు స్తోత్రం" అన్నాడు.

సరిగ్గా అప్పుడు వీరలక్ష్మి లోపలికి వచ్చింది. ఆమె స్త్రీల కూడికకు నాయకురాలు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని ప్రార్థనాంశాలు చదివినప్పుడు లేదు, స్తోత్రం దగ్గరికి అందుకుంది. ఆమె కొడుకు రోహిత్ సాల్మన్ టీంలోనే పనిచేస్తాడు. శనివారం చేనుకు ట్రాక్టరు వస్తుంది కాబట్టి సార్ ఫోన్ ఎత్తడని పొద్దున్నే చెప్పాడు. రెండూ కలిపి చూస్తే ఎవరికైనా ఒకటే అర్థమవుతుంది. ప్రార్థన అయ్యాక ఆమె పాస్టరు దగ్గరికి వెళ్లింది.

"అయ్యగారూ, రేపే వస్తదంట బండి. మనం పోయి ప్రతిష్ఠ చెయ్యొద్దా?"

నిన్న అడిగిన ప్రార్థనకు ఇవాళే జవాబు రావడం జాన్సన్ గారి అనుభవంలో తక్కువ. ఆయన కళ్లు మూసుకుని మరోసారి స్తోత్రం చెప్పాడు. "వెళ్దాం సిస్టర్" అన్నాడు.

వీరలక్ష్మి రాత్రికి రాత్రే బస్సు మాట్లాడింది, బిర్యానీ చెప్పింది. చేను వాళ్లకు కొత్త కాదు, కిందటి శీతాకాలం అక్కడే వనభోజనం పెట్టుకున్నారు. సాల్మన్‌కు ఏడుసార్లు ఫోన్ చేసింది. రిలీజు నడుస్తోంది, ఫోన్ సైలెంట్‌లో ఉంది. పొద్దున లేచి మిస్డ్ కాల్స్ చూసిన సాల్మన్, ఏదో చందా అయివుంటుందని సోమవారానికి వాయిదా వేశాడు.

తొమ్మిదింటికి చేను దగ్గర అంతా అనుకున్నట్టే ఉంది. గడ్డి నడుము దాకా ఉంది. సేల్స్‌మన్ తేజ చెప్పిన వేళకే వచ్చాడు. చిన్న లారీలోంచి ట్రాక్టరు దింపాడు, వెనక రొటావేటరు తగిలించాడు. సాల్మన్ టేపు తీసి రెండూ కొలిచాడు. రొటావేటరు వరసల మధ్య పడుతుంది. ఇక తాళం తిప్పడమే.

"ఆగండాగండి" అన్నాడు భీమేశ్వరరావు. ఆయన్ను ఎవరూ పిలవలేదు. పొద్దున్నే తయారై కారు పక్కన నిలబడి ఉంటే ఎక్కించుకోక తప్పలేదు. "ఇప్పుడు వద్దండి. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం."

"మాకవి లేవు సార్."

"మీకు లేకపోతే లేదండి. ఇంజనుకు ఉంటుందిగా."

సాల్మన్ తేజ వైపు చూశాడు. తేజ అప్పటికే తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "పెద్దాయన చెప్పింది కూడా కరెక్టే కదా సార్" అన్నాడు.

వాదించడానికి ఓపిక కావాలి. అది రిలీజులో అయిపోయింది. సాల్మన్ గట్టు మీద కూర్చున్నాడు. భీమేశ్వరరావు సంచీలోంచి నాలుగు నిమ్మకాయలు తీసి నాలుగు చక్రాల ముందు పెట్టాడు. "మా ఆవిడ సుబ్బలక్ష్మి పంపిందండి. మీ మతానికి అభ్యంతరం లేకపోతేనే" అన్నాడు, పెట్టేసిన తర్వాత.

రాహుకాలం ముగియడానికి ఐదు నిమిషాల ముందు బస్సు వచ్చి గేటు దగ్గర ఆగింది.

ముందుగా రాహేలు దిగింది. ఆస్పత్రి బూట్లతోనే ఉంది. డ్యూటీ దిగి బయటికి రాగానే బస్సు ఎదురుగా ఆగిందని, ఎక్కగానే అందరూ చేతులు పట్టుకుని అభినందించారని తర్వాత తెలిసింది. అక్కణ్ణుంచి చేను దాకా ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. నేరుగా సాల్మన్ దగ్గరికి వచ్చింది.

"కొన్నరా?"

"కొనలే."

"మరి గిదేంది?"

"డెమో."

"డెమోకు పాస్టర్ గారిని పిలుస్తరా ఎవరన్న?"

"నేను పిలవలే. ప్రార్థనకు చెప్పింది నువ్వు కాదా?"

"దారి చూపమని చెప్పిన. బండి పంపమని చెప్పలే."

బస్సులోంచి ఇంకా దిగుతూనే ఉన్నారు. పూలదండ, తబలా, చాపలు దిగాయి. జాన్సన్ గారు నూనె సీసాతో దిగాడు.

"వందనాలు బ్రదర్! ఎంత త్వరగా జవాబు వచ్చిందండీ!"

"అయ్యగారూ, ఒక్క నిమిషం..."

"ఒక్క నిమిషం ఏమిటి బ్రదర్, తీరిగ్గా చేద్దాం."

తేజ సాల్మన్ చెవి దగ్గరికి వచ్చాడు. "సార్, డెమో అన్నారు కదా?"

"డెమోనే."

"మరి వీళ్లంతా?"

ఆ ప్రశ్నకు జవాబు మొదలుపెడితే గురువారం నుంచి మొదలుపెట్టాలి.

జాన్సన్ గారు బానెట్ మీద నూనె రాసి ప్రార్థన ప్రారంభించాడు. ఇంజను కోసం, చక్రాల కోసం, దాన్ని నడిపే చేతుల కోసం ప్రార్థించాడు. వెనకున్నదాని పేరేమిటని మధ్యలో కళ్లు తెరిచి అడిగాడు. రొటావేటరని తేజ చెప్పాడు. దానికోసం కూడా ప్రార్థించాడు. సాల్మన్ నోరు తెరవడం, జనం ఆమేన్ అనడం అప్పుడే జరిగాయి. ప్రార్థన ముగిశాక పాస్టరు దృష్టి చక్రాల ముందున్న నిమ్మకాయల మీద పడింది. భీమేశ్వరరావు వంగి నాలుగూ ఏరి జేబులో వేసుకున్నాడు.

"బిర్యానీలోకండి" అన్నాడు.

వీరలక్ష్మి ట్రాక్టరుకు దండ వేసింది. తేజ లారీ క్యాబిన్‌లోంచి అట్టతో చేసిన తాళంచెవి తెచ్చాడు. అది మూడడుగులుంది. ఫోటో దిగిన కస్టమరు వెనక్కి పోడని అతని మేనేజరు నేర్పాడు.

"సార్, ఒక్క ఫోటో."

"నేను కొనలే తేజా."

"ఫోటోకేముంది సార్. ఇష్టం లేకపోతే డిలీట్ చేద్దాం."

అట్ట తాళంచెవికి ఒక చివర సాల్మన్‌ను, ఇంకో చివర రాహేలును నిలబెట్టారు. ఇద్దరూ నవ్వలేదు. వీరలక్ష్మి ఆ ఫోటో తన ఫోన్‌లో కూడా తీసి, స్టేటస్ పెట్టి, రోహిత్‌కు పంపింది. రోహిత్ టీం గ్రూపులో వేశాడు. కాసేపటికే సాల్మన్ మేనేజరు నవనీత ఫోన్ చేసింది.

"సాల్మన్, నాకైనా ముందు చెప్పాల్సింది కదా."

"ఏంటిది?"

"ఫోటో చూశాను. మన దగ్గర్నుంచి ఫార్మింగ్‌కి వెళ్లిపోయిన వాళ్లలో మీరు నాలుగోవారు. లాస్ట్ వర్కింగ్ డే ఎప్పుడు?"

"నేను మానేస్తలేను నవనీతా. ఇది డెమో."

"మెడలో దండతోనా?"

"దండ ట్రాక్టరుకు."

"సరే, ఇప్పుడే ఎనౌన్స్ చేయొద్దంటే చేయను. సోమవారం నుంచి రోహిత్‌కి కేటీ మొదలుపెట్టండి చాలు."

కేటీ అంటే పోయేవాడు తన పనిని ఉండేవాడికి అప్పగించడం. సాల్మన్ ఫోన్ పెట్టేసి తలెత్తేసరికి రెండో కంపెనీ లారీ గేటు దగ్గర ఉంది. డ్రైవరు దిగి, దండ వేసి ఉన్న ట్రాక్టరును చూశాడు, చాపలు పరుస్తున్న జనాన్ని చూశాడు. సాల్మన్ చెయ్యెత్తి పరుగెత్తాడు. డ్రైవరు కూడా చెయ్యెత్తి, శుభాకాంక్షలు చెప్పి, లారీ వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు.

మూడు నెలల ఎంపిక అక్కడితో ముగిసింది.

బిర్యానీ మాత్రం రాలేదు. శంకర్‌పల్లిలో రైలు గేటు పడిందని ఆటో అతను ఫోన్ చేశాడు. నలభై రెండు మంది నిలబడి ఉన్నారు. చాపలు పరవడానికి జాగా లేదు, అంతా గడ్డి. ఎవరో పాము పాము అన్నారు. అది పైపు ముక్క అని తేలింది గానీ, అప్పటికే రాహేలు చీర కొంగు నడుముకు దోపింది. ఆమె వార్డులో ఎవరూ ఖాళీగా నిలబడరు.

"నిలబడి ఏం చేస్తం? చాపల మందం పీకుదాం పట్టుండ్రి. అక్కా, మీరిటు. బ్రదర్స్ అటు."

చందానగర్‌లో ఫ్లాట్లలో ఉంటున్నా, అందులో సగం మంది చిన్నప్పుడు కలుపు తీసినవాళ్లే. వాన పడ్డ నేల మెత్తగా ఉంది. ఎవరో పాట ఎత్తుకున్నారు, తబలా అతను గట్టు మీద కూర్చున్నాడు. చాపల మందం అయిపోయింది. ఎవరూ ఆగలేదు. ఒక వరస పూర్తయింది, రెండోది మొదలైంది.

ఏం జరుగుతోందో సాల్మన్‌కు మూడో వరసలో అర్థమైంది. గడ్డి పోతే డెమో లేదు. డెమో లేకపోతే ఒప్పందం లేదు. సోమవారం కిరణ్ పాల్ వస్తాడు.

"పీకకండి! అన్నా, వద్దు! గడ్డి ఉండాలె!"

"అయ్యో, ఫర్వాలేదు బ్రదర్" అన్నారు వాళ్లు. "ఇది కూడా సేవే కదా."

"సేవ కాదన్నా, డెమో ఉంది. గడ్డి లేకుంటే అదేం దున్నుతది?"

"మీకు మొహమాటం ఎక్కువ బ్రదర్."

అతను వరస వరసకూ వెళ్లి చెప్పాడు. చెప్పినచోట ఇంకా తొందరగా పీకారు. "రాహేలూ, నువ్వన్నా చెప్పు" అన్నాడు. రాహేలు తల ఎత్తలేదు. ఆమె గడ్డి పీకే తీరు చూసి సాల్మన్ పక్క వరసకు పోయాడు. చివరికి గట్టు పక్కన రెండు వరసలు మిగిలాయి. సాల్మన్ వాటికి అడ్డంగా నిలబడ్డాడు. కారులో పెట్టిన ఫోన్ మళ్లీ మోగింది. ఆఫీసేమోనని వెళ్లాడు. ఎవరో పర్సనల్ లోన్ కావాలా అన్నారు. వెనక్కి వచ్చేసరికి జాన్సన్ గారు చొక్కా చేతులు మడిచి రెండో వరస చివర్లో ఉన్నాడు.

"ఇవి కూడా మీకు మిగల్చలేదు బ్రదర్" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

బిర్యానీ వచ్చింది. నిమ్మకాయలు కోసి ఉల్లిపాయల పక్కన పెట్టారు. భోజనాలయ్యాక, ఇంతదూరం వచ్చి బండి నడవడం చూడకుండా పోకూడదని అందరూ అన్నారు. తేజ ట్రాక్టరు ఎక్కాడు. జామ వరసల మధ్య ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లి, మలుపు తిరిగి, పక్క వరసలో వచ్చాడు. ఒక్క కొమ్మకు తగల్లేదు. రొటావేటరు మట్టిని తిప్పింది. ఆ మట్టిలో గడ్డి లేదు.

"నలభై ఒకటికి నలభై పాస్" అన్నాడు సాల్మన్, ఎవరితోనూ కాదు.

"ఎట్లుంది సార్?" అన్నాడు తేజ. "బుకింగ్ చేద్దామా?"

సాల్మన్ రాహేలు వైపు చూశాడు. ఆమె గట్టు మీద కూర్చుని అరచేతుల్లో లేచిన బొబ్బలు చూసుకుంటోంది.

"గడ్డి ఏది, కొననీకి?" అంది.

అప్పటికి గేటు దగ్గర మొగిలి ఉన్నాడు. పదిహేను రోజులుగా పిలిస్తే రానివాడు, బస్సును చూసి ఏం జరుగుతోందోనని వచ్చాడు. ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి, రొటావేటరు మీద చెయ్యి వేశాడు.

"గిది నడుమల పోతది కదా సారూ."

"పోయింది. చూసినవ్ కద."

"ఈడ అంత సిటోళ్లయే చేన్లు. అన్నిట్ల చెట్లు పెట్టిండ్రు. నా బండి పడ్తలేదు." వంగి టైరు నొక్కి చూశాడు. "నువ్వు కొంటలేవా?"

సాల్మన్ టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. మొగిలి పాస్టరు దగ్గరికి వెళ్లాడు.

"అయ్యగారూ, జర ఒక్క మాట. మీరు చేసిన ప్రార్థన బండి మీద ఉంటదా, సారు మీద ఉంటదా?"

ఈ ప్రశ్న జాన్సన్ గారిని అంతకుముందు ఎవరూ అడగలేదు. ఆయన కొంచెం ఆలోచించాడు.

"బండి కోసం చేశామయ్యా. బండితోనే ఉంటుంది."

"ఇంజను గిట్ల అన్నరా?"

"అన్నాం."

"టైర్లు?"

"టైర్లు కూడా."

"ఇగ రిపేరు రాదన్నట్టు."

"ఆయిల్ మారుస్తుండాలి" అన్నాడు జాన్సన్ గారు.

"రాహుకాలం కూడా దాటించామయ్యా" అన్నాడు భీమేశ్వరరావు. "నిమ్మకాయలు కూడా పడ్డాయి."

"ఇంకేం ఫికర్" అన్నాడు మొగిలి.

తేజ అట్ట తాళంచెవి మళ్లీ తెచ్చాడు. అదే దండతో, అదే చోట మొగిలితో ఫోటో తీశాడు. మొగిలి నవ్వాడు. తిరుగు ప్రయాణంలో రాహేలు బస్సెక్కలేదు, కారెక్కింది. భీమేశ్వరరావు ముందు సీటు ఖాళీ చేసి వెనక కూర్చున్నాడు. "ఇరవై ఏడు హెచ్‌పీ అయితే ఇంకా బాగా వెళ్లేదండి" అన్నాడు.

సోమవారం పొద్దున సాల్మన్ ఆఫీసు క్యాలెండరులో రోహిత్‌తో నాలుగు కేటీ మీటింగులు కనిపించాయి. ఇది పొరపాటని నవనీతకు రాశాడు. మూడు రద్దయ్యాయి. నాలుగోది హెచ్ఆర్ పెట్టింది, దాన్ని రద్దు చేసే అనుమతి ఎవరికుందో తెలియలేదు. అది జరిగింది. రోహిత్ శ్రద్ధగా విన్నాడు.

అదే వేళకు కిరణ్ పాల్ తన మనిషిని చేను దగ్గరికి తీసుకువెళ్లాడు. రాహేలు సెలవు పెట్టి వెళ్లింది. కొత్తగా తిప్పిన మట్టి, అందులో వరసలుగా జామ మొక్కలు. ఎక్కడా గడ్డి పరక లేదు. ఆ మనిషి గేటు దగ్గరే ఆగిపోయాడు. ఇంత శుభ్రంగా ఉంచిన చేను ఈ చుట్టుపక్కల చూడలేదన్నాడు. ఇవాళే బయానా ఇస్తానన్నాడు. కిరణ్ పాల్ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి బావకు ఆ మాట చెప్పాడు. సాల్మన్ మీటింగ్ రూం బయట నిలబడి విన్నాడు. ఒప్పందం ఒప్పందమే. సరేనందామని నోరు తెరిచాడు.

"అమ్మం" అన్న మాట వినిపించింది. అది రాహేలు గొంతు.

"అదేందక్కా? నువ్వే కద అమ్ముదామన్నవ్?"

"అప్పుడు గడ్డి ఉండె."

"ఇప్పుడు లేదు కద, అందుకే ధర వస్తుంది."

"చేతులు చూసినవా?" అంది రాహేలు. "నేను పీకిన చేను. ఆయనకు ఎందుకిస్త?"

తర్వాత కిరణ్ పాల్ ఆ మనిషికి క్షమాపణ చెబుతున్న మాటలు వినిపించాయి. సాల్మన్ మీటింగ్ రూంలోకి తిరిగి వెళ్లి, తను మానేయని ఉద్యోగాన్ని అప్పగించే పని కొనసాగించాడు.

ఆగస్టులో వానలు మళ్లీ పడ్డాయి. గడ్డి మోకాలి దాకా వచ్చింది. సాల్మన్ మొగిలికి ఫోన్ చేశాడు. చిన్న బండి మంచిగ నడుస్తోందని, చుట్టుపక్కల సిటీ వాళ్లందరూ పిలుస్తున్నారని, తను తొవ్వలో ఉన్నానని మొగిలి చెప్పాడు. రెండో వారం చేసినప్పుడూ తొవ్వలోనే ఉన్నాడు. రాహేలు జాన్సన్ గారికి ఫోన్ చేసింది.

శుక్రవారం చందానగర్ సంఘంలో, మొగిలి వచ్చి దున్నినందుకు స్తోత్రం చెల్లించారు. ఆదివారం సాయంత్రానికి మొగిలి రాలేదు.